రెండో సగం

"ఆ ఒక్క వాక్యం తీసెయ్యండి సార్" అన్నాడు దర్శకుడు.

"తీయను" అన్నాడు సమీక్షకుడు, తల ఎత్తకుండానే.

'ఈ దర్శకుడు కథ ముగించడం మరిచిపోయాడు' అన్నది ఆ వాక్యం. పొద్దున పత్రికలో అది పడితే సాయంత్రానికి హాళ్ళవాళ్ళు బొమ్మ ఎత్తేస్తారు. ఇది పోతే తనను నమ్మి ఇంకో సినిమా ఇచ్చే నాథుడు ఉండడని దర్శకుడు తిప్పి తిప్పి చెప్పుకున్నాడు. మధ్యలో సంపాదకుడు కూడా ఫోన్ చేసి, పోనీ కాస్త మెత్తగా రాయమన్నాడు. వాక్యం తీస్తే కింద నా పేరు కూడా తీసెయ్యండని సమీక్షకుడు ఫోన్ పెట్టేశాడు.

మొహమాటం ఆయన ఒంటికి పడదు. ఈ కాలం సినిమాలన్నిటికీ ఒకటే రోగమని ఎప్పుడో తేల్చేశాడు. మొదటి సగం కాళ్ళ మీద నడుస్తుంది. ఇంటర్వెల్ దాటగానే చతికిలబడుతుంది.

భార్య ఉన్న రోజుల్లో ఇలా ఉండేది కాదు. అప్పుడాయన పేజీ వేళకు అందాలని ఇంటర్వెల్‌కే లేచి ఆఫీసుకు పరిగెత్తేవాడు. ఆవిడ ఒక్కతే, పక్కన ఖాళీ కుర్చీతో, చివరిదాకా కూర్చునేది. హాలు మేనేజరు గదిలోంచి ఫోన్ చేసి మిగతా కథ చెప్పేది. ఆయన రాసేసేవాడు. ఇప్పుడు చెప్పే మనిషి లేదు. చచ్చినట్టు తనే కూర్చుంటున్నాడు. ఒక్క ముగింపూ మింగుడు పడటం లేదు.

"మా ఆవిడ ఉన్న రోజుల్లో నీ మొదటి సినిమాని నెత్తిన పెట్టుకున్నాను" అన్నాడు కలం మూత పెడుతూ. "ఎందుకనుకున్నావు? ఆ ముగింపు కోసం. ఇల్లొదిలి పోయిన మొగుడు తిరిగొస్తాడు. పెళ్ళాం పక్కన ఖాళీగా ఉన్న కుర్చీలో కూర్చుంటాడు. మాట లేదు, పాట లేదు. అలాంటిది ఇంకొక్కటి తీసి చూపించు. ఈ కాగితం నీ ఎదురుగానే చింపేస్తాను."

దర్శకుడు లేచాడు. సంచి భుజాన వేసుకుని గుమ్మందాకా వెళ్ళి ఆగాడు.

"పొగిడారు కదా అని అప్పుడు కిక్కురుమనలేదు సార్. నా సినిమాలో ఆ మొగుడు తిరిగి రాడు."