గంట లేని సైకిలు

వాగు వంతెన దగ్గర సైకిలు గంట మోగింది. ట్రింగ్ ట్రింగ్‌మని, ఊరంతా వినపడేలా.

ఎఫీ చేతిలో గరిటె జావ కుండలోకి జారిపోయింది.

"వస్తోంది మహాతల్లి!" అంటూ తలుపు మూసి గడియ పెట్టింది. స్కారవిక్ ఊళ్ళో ఆ పూట అన్ని తలుపులూ అలాగే మూసుకున్నాయి.

యుద్ధం మొదలై నాలుగో ఏడు. ఆ స్కాట్లండు దీవిలో పడవ నడపడం వచ్చిన ప్రతి మగవాడూ నౌకాదళంలోనే ఉన్నాడు. ఎఫీ ఒక్కగానొక్క కొడుకు ఫిన్లే, ఉత్తరాన మంచు సముద్రంలో సరుకు ఓడలకు కాపలా తిరిగే ఓడలో ఉన్నాడు. వాడి దగ్గర్నుంచి ఉత్తరం వచ్చి తొమ్మిది వారాలైంది.

గంట కొట్టే మనిషి జెస్సీ లౌడన్. గ్లాస్గో నుంచి వచ్చి టెలిగ్రాములు పంచుతోంది. పొడుగు మనిషి, పొదుపు మాట. ఆవిడ ఎవరింటా టీ తాగదు. తాగమని అడిగినవాళ్ళూ లేరు.

ఆ దీవిలో ఒక పద్ధతి ఉంది. చావు జరిగిన ఇంట్లో గడియారం ఆపేస్తారు, అద్దానికి గుడ్డ కప్పుతారు. ఆ గుమ్మం ముందు ఈల వేసుకుంటూ పోయేవాణ్ణి కొట్టినంత పని చేస్తారు. పక్కింటి పెగీ మొగుడు సముద్రంలో పోయి నెల తిరగలేదు. ఆ గుమ్మం ముందు నుంచే ఈవిడ గంట కొట్టుకుంటూ పోతోంది!

చప్పుడు దూరమయ్యాక ఎఫీ తలుపు తీసింది.

"ఈసారి ఎవరికే?"

"దర్జీ కాలమ్‌కి. మనవరాలు పుట్టిందట" అంది పెగీ నల్ల శాలువా సర్దుకుంటూ.

"మనవరాలు పుడితే ఇంత మేళమా? ఇక్కడ మన గుండెలు ఆగిపోతుంటేనూ!"

"పోనీలే వదినా."

"నువ్వు పోనిస్తావు. నేను పోనివ్వను. ఆ గ్లాస్గో దొరసాని ఊరేగింపు మన వీధిలో కుదరదు."

అదే ఊపున పోస్టాఫీసుకు వెళ్ళింది. పోస్ట్‌మాస్టరు మర్డో ఆమెకు వరసకు బావ.

"బావా, ఆ గంటన్నా ఊడబీకు, ఆ మనిషినన్నా పంపెయ్."

"గంట మోగితే నీకేం పోయిందే?"

"ప్రాణం! మోగినప్పుడల్లా పోతోంది."

మర్డో ఏదో చెప్పబోయాడు. ఎఫీ చెప్పనిస్తేగా! వెనక ఉత్తరాలు విడదీస్తున్న జెస్సీ అంతా విన్నది. బయటికి వెళ్ళి, గంట ఊడదీసి తెచ్చి బల్ల మీద పెట్టింది.

అక్కడితో ఊరుకుంటే ఎఫీ ఎందుకవుతుంది? పంతొమ్మిది మంది చేత సంతకాలు చేయించి పై ఆఫీసుకు కాగితం పంపింది.

గంట పోయింది గానీ భయం పోలేదు, రెట్టింపయింది. సైకిలు ఎప్పుడు ఏ మలుపులో ప్రత్యక్షమవుతుందో తెలియక ఆడవాళ్ళు కిటికీలకు అతుక్కుపోయారు.

రెండో శుక్రవారం మిట్టమధ్యాహ్నం ఎఫీ దండెం మీద దుప్పటి ఆరేస్తోంది. వెనక ఏదో అలికిడైంది. తిరిగి చూస్తే గేటు దగ్గర జెస్సీ, రొప్పుతూ, చేతిలో కవరుతో.

ఎఫీ తడి దుప్పటితో సహా కింద కూలబడింది.

"నా ఇంటికా తల్లీ... నా ఇంటికేనా వచ్చావు..."

"చదవండమ్మా."

"నువ్వే చెప్పెయ్."

"నేను చెప్పకూడదమ్మా, రూలు ఒప్పుకోదు. చదవండి, త్వరగా చదవండి!"

జెస్సీ బొటనవేలు సైకిలు పిడి మీద గంట ఉండాల్సిన చోట నొక్కుతోంది. నొక్కిన చోటే మళ్ళీ మళ్ళీ నొక్కుతోంది.

పెగీ గోడ దూకి వచ్చి కవరు చింపింది.

"వదినా, విను! 'ఓడ పోయింది. నేను క్షేమం. శనివారం ఇంటికి. ఫిన్లే.' బతికాడు వదినా, మనవాడు బతికాడు!"

ఎఫీ గుండెల మీద నుంచి బండరాయి దొర్లిపోయింది. పెగీని వాటేసుకుని ఏడ్చింది, నవ్వింది, మళ్ళీ ఏడ్చింది. తలెత్తి చూసేసరికి జెస్సీ లేదు.

శనివారం ఫిన్లే ఆవిరి పడవ దిగాడు. ఒక చెవి కొస మంచు కొరికేసింది, మిగతా మనిషంతా చెక్కు చెదరలేదు. "చిన్నప్పుడు ఎలాగూ వినని చెవేలే!" అని ఎఫీ వాణ్ణి వదలకుండా పట్టుకుంది. అదే పడవలోకి ఒక రేకు పెట్టె, దాని వెనక ఒక పొడుగు మనిషి ఎక్కడం ఆమె చూడలేదు. బదిలీ ఉత్తర్వు వచ్చేసింది.

ఆదివారం ప్రార్థన నుంచి వస్తూ పెగీ నెమ్మదిగా అంది.

"వదినా, మా ఆయన కబురు తెచ్చిన రోజు ఆవిడ గంట కొట్టలేదు. సైకిలు పాస్టరు గారింట్లో వదిలేసి, ఆయన్ని తోడు తీసుకుని నడిచొచ్చింది."

ఎఫీ నడక ఆగిపోయింది. ఊళ్ళో కొడుకులు పోయిన ఇళ్ళన్నీ ఒక్కొక్కటే తలచుకుంది. ఒక్క ఇంటికీ గంట మోగలేదు. పుట్టుకకు మోగింది, పెళ్ళికి మోగింది, సెలవు దొరికితే మోగింది.

సోమవారం పొద్దున్నే మర్డో ముందు నిలబడింది.

"నాకెందుకు చెప్పలేదు బావా?"

"టెలిగ్రాములో ఏముందో నోటితో చెప్పకూడదుగా. అందుకే గంటతో చెప్పింది. పది రోజులు వింటే మీకే తెలుస్తుందనుకుంది పాపం."

ఎఫీ ఆ గంటను ఫిన్లే కోసం అల్లిన కొత్త మేజోడులో చుట్టి, ఓట్స్ రొట్టెలతో కలిపి పొట్లం కట్టింది.

"ఏ దీవికి వేశారో అక్కడికి పంపు. సైకిలుకు బిగించుకోమను. అయినా బావా, మనమెవరమని ఆవిడకంత పట్టింపు?"

మర్డో కళ్ళద్దాలు తీశాడు.

"ఆవిడకూ కొడుకులుండేవాళ్ళు ఎఫీ, ఇద్దరూ ఒకే ఓడలో పోయారు. ఆ రోజు టెలిగ్రాం తెచ్చినవాడు వీధి మొదట్నుంచీ గంట కొట్టుకుంటూ వచ్చాడట. పిల్లలకు సెలవు దొరికిందనుకుని ఆవిడ నవ్వుతూ ఎదురెళ్ళిందట."