ఒకరోజు వెనక నడిచే గీత

నర్సింగం లాంటి మామ ఉన్న ఇంట్లో గోడగడియారం దండగ. ఎనిమిదిన్నరకు డాబా మెట్లెక్కుతాడు. తొమ్మిదింటికి పేపరు చదివి దేశాన్ని తిడతాడు. పదింటికి టీలో చక్కెర తక్కువైందంటాడు.

కోడలితో మాత్రం అనడు. మామ కోడలితో ఎదురుపడి మాట్లాడటం ఆ ఇంట్లో లేదు. రజని కోరుట్లకు కాపురానికి వచ్చి తొమ్మిదేళ్ళయింది. ఏం చెప్పాలన్నా ఆయన భార్య రాజవ్వకు చెప్తాడు. రాజవ్వ లేకపోతే ఫ్రిజ్‌కు చెప్తాడు.

మల్లాపూర్, కొడిమ్యాల అంటూ మండలాల పంటలూ వానలూ ముప్పై ఏళ్ళు రాసి, జగిత్యాల గణాంకాల ఆఫీసులో రిటైరయ్యాడు. ఉద్యోగం వదిలింది గానీ రాయడం వదల్లేదు. పాలు ఎన్ని నిమిషాలు ఆలస్యం, కరెంటు ఎంతసేపు పోయింది, డాబా మీది గొట్టంలో వాన ఎంత పడింది, కుక్కర్ ఎన్నిసార్లు కూసింది, అన్నీ డైరీలోకి ఎక్కుతాయి. తర్వాత ముందుగదిలో పాత కంప్యూటర్ ముందు కూర్చుని తలుపు దగ్గరగా వేసుకుంటాడు. పేకాట ఆడుతున్నాడని రాజవ్వ అనుమానం.

రజని ఎంసీఏ చదివింది. మధ్యాహ్నం గిన్నెలు బోర్లించాక ల్యాప్‌టాప్ తెరుస్తుంది. నాలుగేళ్ళుగా పైథాన్ అనే కంప్యూటర్ భాషలో ఒక లైబ్రరీ, అంటే ఎవరి ప్రోగ్రాములోనైనా వాడుకోగల కోడు, రాస్తోంది. అంకెలిస్తే అది గ్రాఫు గీసి పెడుతుంది. చుక్కలు పెట్టి గీతలు కలిపేది కాబట్టి దానికి ‘ముగ్గు’ అని పేరు పెట్టింది. ఎవరైనా ఉచితంగా వాడుకోవచ్చు. కోడు తెరిచి చూడొచ్చు. తప్పుంటే అందరికీ కనబడేలా రాసి పెట్టొచ్చు.

ఉచితం అన్న మాటే నర్సింగానికి మింగుడుపడలేదు.

“జీతం లేని కొలువుకు గింత తిప్పలేంది?” అని ఒకసారి ఫ్రిజ్‌ను అడిగాడు.

ఫ్రిజ్ గుర్రుమంది. రజని ల్యాప్‌టాప్ తెరిచింది.

ఈ ఆగస్టులో జగిత్యాల నుంచి నవ్య అనే లెక్చరర్ మెయిల్ పెట్టింది. ఈ ఏడాది తమ కాలేజీ ల్యాబ్‌లో ముగ్గునే నేర్పాలనుకుంటున్నామని. రజని ఆ మెయిల్ నాలుగుసార్లు చదివింది. ఎక్కడెక్కడివాళ్ళో వాడారు గానీ, బస్సెక్కితే చేరే దూరంలో ఇంతవరకు ఎవరూ అడగలేదు. మెయిల్ చివర ఇంకో వాక్యం ఉంది. తేదీల మీద మీకో ఫిర్యాదు ఉంది కదా, శనివారం లోపు అది తేలితేనే మావాళ్ళు ఒప్పుకుంటారు.

ఆ ఫిర్యాదుదారుకు పేరు లేదు, ఫొటో లేదు. యూజర్ 4471. రెండు నెలల అంకెలు రెండు వరుసల్లో జతచేసి ఉన్నాయి. ఒక వరుస ఎ, రెండోది బి. ఆ రెండూ ఒకే రోజు పెరగాలట. మీ గ్రాఫులో ఎ గీత ఒకరోజు వెనక నడుస్తోంది, సరిచేయగలరు అని ఇంగ్లీషులో, అర్జీ పెట్టినట్టు ఉంది. దాని కింద రోజుకొకటి చొప్పున రిమైండర్లు.

మన టైముకూ కంప్యూటర్లు లెక్కకు తీసుకునే గ్రీనిచ్ టైముకూ అయిదున్నర గంటల తేడా. ఆ లెక్క మారేచోట రోజు జారుతోందేమోనని రజని కోడు మార్చింది. కొత్త వెర్షన్ ప్యాకేజీ కట్టి పంపింది. సాయంత్రానికి ముగ్గు వాడేవాళ్ళు ముగ్గురు మొత్తుకున్నారు, బాగున్న మా తేదీలు చెడిపోయాయని. ప్యాకేజీ వెనక్కి తీసుకుంది.

4471 మాత్రం ఒకే ముక్క రాశారు. సమస్య యథాతథం.

భర్త రంజిత్ వారమంతా సిరిసిల్లలో బట్టల కంపెనీలో ఉంటాడు. ఫోన్లో అంతా విన్నాడు.

“గాడెవడో పనిలేనోడు. ఇడిసెయ్.”

“తప్పు నాదే అయితే?”

“అయితే బంద్ చెయ్. ఎవలేమంటరు?”

ఎవరూ ఏమీ అనరు. అదే ఆమె గుండెలో గుచ్చుకుంది. నాలుగేళ్ళ పని పోయినా ఈ ఇంట్లో పప్పు పప్పులాగే ఉడుకుతుంది.

గురువారం క్యాలెండర్ వెనక గళ్ళు గీసుకుని, అరవై రెండు రోజుల అంకెలనూ చేత్తో చుక్కలు పెట్టి చూసింది. ముగ్గు గీసిందీ అదే, తన చెయ్యి గీసిందీ అదే. 4471కి రాసింది. నా కోడులో తప్పు కనబడలేదు. ఎ ఏ వేళకు కొలిచినది? బి ఏ వేళకు?

జవాబు రాలేదు.

శుక్రవారం కూడా రాలేదు. రోజుకొక రిమైండర్ పెట్టే మనిషి రెండు రోజులుగా ఉలకలేదు, పలకలేదు. ఆ రోజు ఇంట్లో టీ గురించి కూడా ఎవరూ ఏమీ అనలేదు. రజని చక్కెర వేయడమే మరిచిపోయిందని రాజవ్వ తాగినప్పుడు బయటపడింది.

శనివారం పొద్దున రాజవ్వ కూరగాయలకు వెళ్ళింది. రజని పొయ్యి పక్కనే ల్యాప్‌టాప్ పెట్టుకుని నవ్యకు రాయడం మొదలుపెట్టింది. ఫిర్యాదు తేల్చలేకపోయాను. పిల్లలకు వేరేది నేర్పండి. నేను కూడా దీన్ని ఇంతటితో...

అక్కడ చెయ్యి ఆగింది. ఎనిమిదిన్నర దాటింది. డాబా మెట్ల మీద అడుగుల చప్పుడు లేదు.

వంటింటి గుమ్మం దగ్గర దగ్గు వినిపించింది. నర్సింగం. చేతిలో డైరీ. గడ్డం గీసుకోలేదు. ఫ్రిజ్‌తో ఏదో పని పడిందనుకుని రజని కొంగు సవరించుకుని పక్కకు జరిగింది.

ఆయన ఫ్రిజ్ వైపు చూడలేదు. డైరీ తెరిచి పొయ్యి పక్కన పెట్టాడు. తొమ్మిదేళ్ళలో మొదటిసారి కోడలి ముఖం చూసి నోరు తెరిచాడు.

“తప్పు నాదే బిడ్డా, కరెంటు పోయింది ఏనాటిదానాడే రాసిన గని, ఎ వరుసల మాత్రం మాపటికి పడ్డ వానను ఆఫీసు అలవాటున తెల్లారి కొలిచి తెల్లారి తారీఖే ఏసి నీకు పంపిన, నీ గీత ఎక్కడ తప్పలే.”