బ్యాండులో డమ్మీ

“వీడా? వీనికి బూర రాదు మేడం. వీడు డమ్మీ!”

ఏసోబు పగలబడి నవ్వాడు. ముందు పళ్లు రెండు లేని ఆ నవ్వుతో బ్యాండు దుకాణంలో ఇంకెవరూ నవ్వు కలపలేదు.

ఉమారాణి అతని పక్కన నిలబడ్డ కుర్రాడినీ, చేతిలోని ఫోనునూ మార్చి మార్చి చూసింది. హైదరాబాదులో పిల్లలకు జాజ్ నేర్పే బడి ఆమెది. ఎవరిదో పెళ్లి బరాత్ వీడియో ఫోనులో చూసి, అందులో ట్రంపెట్ ఊదిన కుర్రాడి కోసం ఊరూరా అడుగుతూ భువనగిరి దాకా వచ్చింది. అదేం ఊదడం! అందరికీ తెలిసిన సినిమా పాటే. మధ్యలో దాన్ని వదిలేసి, స్వరాల సందుగొందులన్నీ తిరిగి, తాళం ఇంకో దెబ్బ వేసేలోగా నింపాదిగా ఇంటికొచ్చేశాడు. ఆమె పిల్లలకు ఏళ్లు పట్టే విద్య అది. తీరా వస్తే డమ్మీ అంటున్నాడు కన్నతండ్రే.

“డమ్మీ ఏంటండీ?”

“పెండ్లోళ్లు బ్యాండు నిండుగ కనవడాలంటరు. ఊదేటోళ్లు అంతమంది యాడ దొరుకుతరు? గందుకే ఇద్దరు ముగ్గురికి కోటు తొడిగి, చేతికి బూరిచ్చి నిలవెడ్తం. బుగ్గలు ఉబ్బిస్తె సాలు. మా విజేందర్‌ది గదే పని.”

“మరి ఇందులో ఊదింది ఎవరు?”

ఏసోబుకు వినిపించలేదు. కొడుకు విజేందర్ వంగి తండ్రి చెవిలో గట్టిగా చెప్పాడు.

“నేనే మేడం! వాని పక్కన నిలవడ్డ సూడుండ్రి. డ్రమ్ముల నడుమ బతికిన చెవులు, జర మందమైనయి. అయితేంది, నా బూర నా పెదవులకు ఎరుకే.”

ఉమారాణి కుర్రాడి వైపు తిరిగింది. పద్దెనిమిది నిండలేదు. పై పెదవి మధ్యలో గుండ్రంగా కాయ కాసి ఉంది. రోజూ గంటల తరబడి ఊదేవాళ్లకు తప్ప పడని మచ్చ అది. ఆమె పెదవి మీదా ఉంది.

“నిజం చెప్పు నాన్నా. హాస్టలు, చదువు, అన్నీ బడి చూసుకుంటుంది. ఒక్కటే సీటు మిగిలింది. నీకు ఊదడం వచ్చు కదూ?”

విజేందర్ తల్లి వైపు చూశాడు. ఎస్తేరు మూలన కూర్చుని ఎర్ర కోటుకు గుండీ కుడుతోంది. ఆమె తలెత్తలేదు.

“రాదు మేడం.”

“ఒక్కసారి ఊది చూపించు, చాలు.”

“రాదంటున్న గద మేడం!” అన్నాడు. కళ్లల్లో నీళ్లు తిరుగుతున్నాయి.

సీటు సంగతి ఉమారాణి గట్టిగా చెప్పాక ఏసోబు ముఖం వాడిపోయింది. “నోటికాడి కూడు పాయె గదరా బిడ్డా! నేర్సుకో నేర్సుకో అని ఎన్నిమార్లు మొత్తుకున్న? ఒక్కనాడన్న నా ముందర ఊదినవా?” అని, ఉమారాణి వైపు తిరిగి చేతులు జోడించాడు. “వీనికే వచ్చని చెప్పి మీ ఎంబడి తోలొచ్చు మేడం. గని దేవునికి భయపడేటోణ్ణి. అబద్ధమాడలేను.”

పిల్లవాడు అబద్ధం చెబుతున్నాడని ఆమెకు తెలుసు. ఎందుకో తెలియదు. వరం ఇస్తానంటే వద్దనేవాడిని ఎక్కడైనా చూశామా? ఉసూరుమంటూ లేచింది.

“ఇంత దూరం వచ్చిండ్రు. నా బూరన్న ఇని పోండ్రి,” అన్నాడు ఏసోబు.

ఎస్తేరు చేతిలో సూది జారిపడింది. “ఇప్పుడెందుకయ్యా, ఒంట్ల మంచిగ లేకపాయె!” అని అరిచింది. ఆయన వినలేదు. అప్పటికే గోడకు వేలాడే ట్రంపెట్ అందుకున్నాడు. డ్రమ్ము వాయించే పరశురాములు, ఎవరూ అడగకుండానే డ్రమ్ము మెడకు తగిలించుకుని దబదబా మొదలుపెట్టాడు.

ఏసోబు కళ్లు మూసుకున్నాడు. బుగ్గలు పొంగాయి. మెడ నరాలు తేలాయి. మూడు మీటల మీద వేళ్లు ఉరికాయి. ఎక్కడ ఆగాలో అక్కడ ఆగాయి, ఎక్కడ పరుగెత్తాలో అక్కడ పరుగెత్తాయి. ఉమారాణి ఆ వేళ్లనే చూస్తూ నిలబడిపోయింది. తండ్రి వెనక నుంచి విజేందర్ ఆమెకు రెండు చేతులూ జోడించాడు.

ఏసోబు కళ్లు తెరిచేసరికి ఆమె చెంపల మీద నీళ్లు. ఆమె చప్పట్లు కొట్టింది. పరశురాములు కొట్టాడు. ఎస్తేరు కొట్టింది. ఏసోబు సిగ్గుపడుతూ, “ముసలోణ్ణి అయిన గని, ఊపిరి ఇంకా ఉంది మేడం,” అన్నాడు.

విజేందర్ కారు దాకా వచ్చాడు.

“మళ్ల రాకుండ్రి మేడం. బ్యాండుల నేను లేకుంటె బాపు ఆగమైతడు.”

ఆమె అతని తల నిమిరి కారెక్కింది. సీటు గురించి ఇంకో మాట అనలేదు.

ఊరు దాటినా ఆమె కళ్లు తుడుచుకుంటూనే ఉంది. ఇందాకంతా దుకాణం గుమ్మంలో నిలబడి చూసిన డ్రైవరు నాగేందర్ ఉండబట్టలేక అడిగేశాడు.

“ఏమనుకోకుండ్రి మేడం. డ్రమ్ము చప్పుడైతే నేను గూడ ఇన్న... గని గా పెద్దాయన బూరలకెల్లి ఉత్త గాలి తప్ప ఏం రాకపాయె, గందరు చప్పట్లెందుకు కొట్టిండ్రు?”