రూపాయి ఫోన్ మోగింది

రోడ్డుకు అవతల రూపాయి ఫోన్ మోగుతోంది. డయానా చేతిలోని టీ గ్లాసు బండి మీద పెట్టేసి, వస్తున్న ఆటోకి అడ్డంపడి మరీ పరిగెత్తి రిసీవర్ ఎత్తింది.

"హలో!"

"శివపార్వతీ... నువ్వేనా?" ముసలి గొంతు. వణుకుతోంది.

భవానీపురంలో మూతపడ్డ జిరాక్స్ షాపు గోడకు వేలాడే ఈ ఎర్ర డబ్బా ఎట్టకేలకు మోగింది!

విజయవాడలో అక్కడక్కడా మిగిలిన పాత రూపాయి ఫోన్లతో ఒక కంపెనీ ఆట పెట్టింది. ఫోన్ మోగితే ఎత్తాలి. అవతలి మనిషి చెప్పినదాన్ని పట్టుకుని కథను చివరిదాకా నడిపించాలి. నియమం ఒకటే. ఇది ఆట అన్న మాట ఎదుటివాళ్ళ దగ్గర నోరుజారకూడదు. జారితే అవుట్. ప్రకటన కంటపడ్డ రోజు నుంచీ డయానా ఆఫీసు కాగానే ఈ ఫోన్ల చుట్టూ తిరుగుతోంది. శనివారం సెలవు కావడంతో ఈ రోజు పొద్దున్నే వచ్చేసింది.

"కుట్టుమిషన్ సగం, బ్యాంకు కోచింగ్ సగం, స్కూటీ నేర్చుకోవడం సగం. ఇదీ అంతేలేవే" అంటూ వాళ్ళన్నయ్య డేనియల్ రాత్రి అన్నం దగ్గర నవ్వాడు. ఆ నవ్వు ఆమెకు ఇంకా గుచ్చుకుంటూనే ఉంది. ఈసారి సగంలో వదిలేది లేదు.

"శివపార్వతిగారిని కాదండీ. మీరెవరు?"

"బసవయ్యనమ్మా. బస్సు ఎక్కడ దిగానో తెలీట్లేదు."

"పక్కన ఎవరినన్నా అడగండి."

"ఇది ఏ ఊరని అడిగితే నవ్వరా? సిగ్గేస్తోందమ్మా."

"పోనీ, ఎదురుగా ఏం కనపడుతోంది?"

"చెరుకు ట్రాక్టర్లు. బారుగా ఆగున్నయ్యి. గాలంతా పాకం వాసన. అమ్మా, రూపాయి అయిపోతున్నట్టుంది..."

లైను తెగింది.

చెరుకు. పాకం వాసన. చక్కెర ఫ్యాక్టరీ ఉన్న ఉయ్యూరే! డయానా మరో ఆలోచన లేకుండా బస్టాండుకు వెళ్ళి బందరు బస్సెక్కింది.

ఉయ్యూరులో దిగాక గానీ పని ఎంత కష్టమో తెలియలేదు. రూపాయి ఫోన్ ఎక్కడుందని అడిగితే జనం ఆమెను ఎగాదిగా చూశారు. "ఈ రోజుల్లో అదెక్కడిదమ్మా?" అన్నాడొక కొట్టాయన. ఎండ నెత్తికెక్కింది. చెప్పు తెగింది. వెనక్కిపోదామా అనిపించిన ప్రతిసారీ డేనియల్ నవ్వు గుర్తొచ్చింది. తెగిన చెప్పు ఈడ్చుకుంటూనే ఆ ట్రాక్టర్ల బారు వెంట నడిచింది.

బారు చివర పాత కూల్‌డ్రింక్ షాపు. గోడకు ఎర్ర డబ్బా. దాని కింద బల్ల మీద, చొక్కా గుండీలు ఒక కాజాకి బదులు ఇంకో కాజాలో పెట్టుకున్న పెద్దాయన.

"బసవయ్యగారేనా?"

"ఫోన్లో మాట్లాడింది నువ్వేనా తల్లీ?" ఆయన ఆమె చెయ్యి గట్టిగా పట్టుకున్నాడు. ఆ చెయ్యి పెనంలా కాలుతోంది.

డయానాకి కంపెనీ మీద ఒళ్ళు మండింది. ఇంత పెద్దాయన్ని ఎండలో ఇలా కూర్చోబెడతారా? మజ్జిగ ప్యాకెట్ కొనిచ్చింది. గటగటా తాగేశాడు. అంతలో కూచిపూడి వెళ్ళే బస్సు వచ్చింది. ఆయన తడబడుతూ లేచాడు.

"పోవాలమ్మా. పిల్లలు గజ్జెలు కట్టుకుని కూర్చునుంటారు. నా మృదంగం లేందే ఎట్టా ఆడతారు?"

డయానా ఆగిపోయింది. అయితే కథ కూచిపూడికి పొమ్మంటోందన్నమాట. వెళితే గెలుపు అక్కడే ఉండొచ్చు. కానీ ఆయన బల్ల పట్టుకుంటే గానీ నిలబడలేకపోతున్నాడు. పెదాలు ఎండిపోయి ఉన్నాయి. ఆటదేముంది, ఓడితే ఓడాను అనుకుంది. ఈయన్ని ఇంటికి చేర్చడమే ఇప్పుడు పని. అది మాత్రం సగంలో వదలదు.

"మాస్టారూ, పిల్లలకి ఇవాళ సెలవండీ. మీకు చెప్పి రమ్మని నన్ను పంపారు."

"ముందే చెప్పొచ్చుగా!" అని ఆయన అలిగాడు. కానీ ఆమె వెంట విజయవాడ బస్సెక్కాడు.

దారిపొడుగునా ఆయన వేళ్ళు ఆమె బ్యాగు మీద దరువు వేస్తూనే ఉన్నాయి.

"మీ ఇల్లెక్కడ మాస్టారూ?"

ఆయన చాలాసేపు ఆలోచించి తల అడ్డంగా ఊపాడు.

"మరి ఆ ఫోన్ నంబరు ఎలా గుర్తుంది?"

"గుర్తుండదా? మా కిటికీ కిందే మోగుద్దిగా!"

డయానా నిటారుగా కూర్చుంది.

భవానీపురంలో ఆ ఎర్ర డబ్బా దగ్గర ఆటో ఆగేసరికి పైనున్న కిటికీలోంచి కేక వినిపించింది. ఒకావిడ వట్టి కాళ్ళతో మెట్లు దిగి పరిగెత్తుకొచ్చింది.

"శివపార్వతీ" అన్నాడు బసవయ్య, తప్పు చేసిన పిల్లాడిలా.

"ఎటు పోయావయ్యా? పొద్దుట్నుంచి ఆస్పత్రులన్నీ తిరిగొచ్చా. రైలు కట్ట మీద కూడా వెతికా!" ఆవిడ ఆయన గుండెల మీద కొట్టి, ఆ గుండెల మీదే తల పెట్టి ఏడ్చింది. తర్వాత డయానా మొహాన్ని రెండు చేతుల్లోకి తీసుకుంది. "ఏ తల్లి కన్న బిడ్డవో!"

ఇదంతా నటనే అని తెలిసినా డయానా కళ్ళు నిండాయి.

వాళ్ళు మెట్లెక్కి లోపలికి వెళ్ళేదాకా చూసి, ప్రకటనలో ఇచ్చిన నంబరుకు ఫోన్ చేసింది. ఒకమ్మాయి ఎత్తింది.

"భవానీపురం ఫోన్ అండీ. బసవయ్యగారిని ఇంటికి చేర్చాను. కూచిపూడి తీసుకెళ్ళలేదని నన్ను తీసేసినా ఫర్వాలేదు. కానీ జ్వరంతో ఉన్న మనిషిని ఎండలో అలా కూర్చోబెట్టడం చాలా తప్పండీ!"

"ఎవరి సంగతి చెబుతున్నారో నాకు అర్థం కావట్లేదండీ" అంది ఆ అమ్మాయి అయోమయంగా.

"మా ఫోన్లు మోగేది రేపటి నుంచి కదా!"