సీసాడు ఆవకాయ

రొమ్ములో క్యాన్సర్ గడ్డ తీయగానే, ఆసుపత్రి వాళ్లు ఒంట్లో కొవ్వునూ చక్కెరనూ కరిగించే జన్యువులను చదివి, ఇంకెన్ని నెలలుంటావో ఫోన్‌కి పంపే రోజులవి. మూడేళ్ల కిందట వరహాలుకి పది నెలలని వచ్చింది. ఆ వేసవిలో అపార్ట్‌మెంట్ ఆడవాళ్లంతా కలిసి ఆవకాయ పెడుతుంటే, పెత్తనం చేసే సత్యవేణి వరహాలు జాడీని పక్కకు నెట్టి చిన్న సీసా చేతికిచ్చింది.

"ఏడాది పచ్చడి నీకెందుకే? ఇది చాల్లే."

వరహాలు చావలేదు. ఈ ఏడు ఆవకాయ కలిపే చెయ్యి ఆమెదే.

సత్యవేణి జాడీ పట్టుకొచ్చింది. నిన్ననే ఆవిడ ఫోన్‌కి ఏడు నెలలని వచ్చిన సంగతి అందరికీ తెలుసు.

వరహాలు ఆ జాడీని పక్కన పెట్టి, మూడేళ్లుగా దాచిన సీసా తీసి నింపింది.

"ఆ లెక్కలు తప్పుతాయే. నిన్ను చూడ్డం లేదా?" అంది సత్యవేణి.

"ఆ మాట ఆ రోజు అనాల్సింది పిన్నీ," అంటూ వరహాలు మూత బిగించింది.