బియ్యం డ్రమ్ములో ఎర్ర గుర్తు

ఆశా వర్కర్ రూబీ గేటు దాటిందో లేదో, ఆమె అరుగు మీద వదిలిన ఫోన్ లోవమ్మ చీర కొంగులోకి వెళ్ళిపోయింది.

లోవమ్మ పుట్టి బుద్ధెరిగి ఒకరి కొబ్బరాకు కూడా ముట్టినది కాదు. కానీ ఆ ఫోన్‌లో కోడలు శృతి పేరు పక్కన ప్రమాదమని ఎర్ర గుర్తు పడింది. ఎనిమిదో నెల, ముఖం ఉబ్బుతోంది, బీపీ చూపించాలంటూ రూబీ రెండు రోజులుగా ప్రాణం తీస్తోంది. కాన్పు ముందు నీరు పట్టడం మామూలేనని లోవమ్మ నమ్మకం. ఆస్పత్రికి వెళ్తే కడుపు కోసేస్తారని భయం. ఎదురింటి వెంకటరత్నమ్మ కూడా పురిటికొచ్చిన కూతుర్ని అందుకే గుమ్మం దాటనివ్వడం లేదు.

ఫోనే లేకపోతే ఎర్ర గుర్తు ఎక్కడుంటుంది?

దాన్ని బియ్యం డ్రమ్ములో పూడ్చి, మూత పెట్టి, ఏమీ ఎరగనట్టు చింతపండులో గింజలు తీస్తూ కూర్చుంది.

పావుగంటకి డ్రమ్ము మాట్లాడింది.

"అమ్మా, మీ ఇంట్లో గర్భిణికి తలనొప్పిగా ఉందా?"

లోవమ్మ మూత మీద దిండు పెట్టింది. ఆ గొంతు ఆగితేగా. నోరు మూయిద్దామని ఫోన్ బయటికి తీసి ఎక్కడెక్కడో నొక్కింది. బొమ్మ వచ్చింది. ఉబ్బిన ముఖం, ఉబ్బిన చేతులు, కళ్ళు నులుముకుంటున్న పిల్ల. బీపీ ముదిరితే ఫిట్స్ వస్తాయని, తల్లికీ బిడ్డకీ ప్రమాదమని ఆ గొంతు చెబుతోంది.

లోవమ్మ మూడుసార్లు చూసింది. తర్వాత గదిలోకి వెళ్ళింది.

"ఏమే, తలనొప్పి ఉందా నీకు?"

"నిన్నట్నించీ ఉందత్తయ్యా. కళ్ళు కూడా మసగ్గా ఉన్నాయి. చెబితే తిడతారని..."

చింతపండు అలాగే వదిలేసి ఆటో పిలిచింది.

రాజమండ్రి ఆస్పత్రిలో సాయంత్రానికి బీపీ దిగింది. బిడ్డ గుండె చక్కగా కొట్టుకుంటోందని డాక్టరమ్మ చెప్పాకే లోవమ్మకి ఊపిరొచ్చింది. కబురు తెలిసి రూబీ, ఊళ్ళోని నర్సు వచ్చారు. వాళ్ళు శృతితో మాట్లాడుతుండగా లోవమ్మ ఫోన్‌ని మెల్లగా రూబీ సంచిలోకి జార్చింది.

"సంచి జిప్పు వేసుకోవాలమ్మాయ్. రోజులు బాగోలేవు."

"నిజమేనండి. దొంగలు ఎక్కువైపోయారు," అంది రూబీ.

గండం గడిచిందనుకుని లోవమ్మ మంచినీళ్ళకి వెళ్ళింది. తిరిగొస్తూ తలుపు దగ్గర ఆగిపోయింది. లోపల రూబీ ఫోన్‌కి అంటుకున్న బియ్యపు గింజలు దులుపుతూ నర్సుతో అంటోంది:

"ఈసారి కూడా పావుగంటకోసారి మోగేలా పెట్టి, రేపు వెంకటరత్నమ్మగారి అరుగు మీద మర్చిపోతానండి."