పెట్టె వెనక బెజ్జాలు

జర్మనీలో ఆర్ అనే నది మా ఊరు ముంచిన మరుసటి ఏడు. ఇంటి గోడలు ఆరేదాకా అని కొలోన్ నగరంలో మా అమ్మాయి ఆంకె దగ్గర ఉన్నాను. వరదలో పోయిన నా రికార్డు ప్లేయరుకు బదులు తను కొత్తది చేస్తోంది. వర్క్‌షాపు కంప్యూటర్లో బొమ్మ గీస్తే, లేజరు మిషను చెక్క కోస్తుంది.

"చూడు నాన్నా, బాగుందా?" అని తెర మీద బొమ్మ చూపించింది.

"పెట్టె వెనక ఈ బెజ్జాలెందుకే? పారిపోతుందనా?"

"నీ గది గోడకు బిగించడానికి. ట్రాము వెళ్తే నేల అదిరి సూది గెంతుతుంది."

"మన ఊళ్లో ట్రామెక్కడిది?"

ఆంకె తల తిప్పలేదు. "ఇంకా ఆ ఊరేమిటి నాన్నా?"

నన్ను తిరిగి పంపే ఆలోచన తనకు లేదని అప్పుడు తెలిసింది.

మర్నాడు పొద్దున్నే ఒక్కణ్ణే వర్క్‌షాపుకు వెళ్లి, అక్కడ పనిచేసే కుర్రాడి చేత బొమ్మలో ఆ బెజ్జాలు తీసేయించాను. పైన, పట్టుకుని మోసుకెళ్లడానికి ఒక పిడి పెట్టించాను.